రంగుల బొమ్మను నమ్మి

మీ దగ్గర దాచడమెందుకు? నేను చేసిన బొమ్మ కంప్యూటర్ తెర మీద కదిలిందంటే, బ్రహ్మదేవుడు దిగొచ్చి కాదన్నా వినను. చేతులారా చేసినదాన్ని చూసి మురిసిపోనివాళ్లు ఎవరుంటారు చెప్పండి?

గింజలు, ఇసుక, పొడులు ఎలా జారతాయో లెక్కగట్టడం నా పని. 1979లో పీటర్ కండల్, ఆటో స్ట్రాక్ ప్రచురించిన డిస్క్రీట్ ఎలిమెంట్ పద్ధతే దీనికి ఆధారం. ప్రతి గింజా పక్కదాన్ని ఎంత నెడుతోందో, ఎంత ఒరుసుకుంటోందో లెక్కవేసి, న్యూటన్ సూత్రంతో సెకనులో పది లక్షలో వంతు ముందుకు జరపాలి. మళ్లీ మొదలు. 75 కిలోల ధాన్యం బస్తాలో గింజలు సుమారు 30 లక్షలుంటాయి. అందుకే అడ్డదారులు తొక్కుతాం: కోలగింజను గుండ్రటి గోళీ చేస్తాం, గట్టిదనం తగ్గిస్తాం, తేమ వదిలేస్తాం. అవి అడ్డదారులని గుర్తున్నంతకాలం తప్పులేదు. నేను మరిచిపోయాను.

మండపేట వైపు ఒక రైస్ మిల్లులో హాపర్ (అడుగున కన్నమున్న గరాటు తొట్టి) నుంచి ధాన్యం దిగట్లేదంటే వెళ్లాను. అసలు హాపర్‌ను చూడకుండానే ల్యాప్‌టాప్ తెరిచాను. నీలం, ఎరుపు గోళీలు జలజలా రాలాయి. యజమాని "బావుందండీ" అన్నాడు. ఆ ఒక్క మాటకే కళ్లు నెత్తికెక్కాయి. "ఇంకా పోయించండి, పై బరువుకు అదే దిగుతుంది" అనేశాను. హమాలీ ఒకతను నసిగాడు: "సార్వా కొత్త ధాన్యమండి, తడి మీదుంది. పోసేకొద్దీ బిగుసుకుంటాదండి." వినలేదు. బస్తాలు ఎక్కించారు, అంచుదాకా నింపారు, తలుపు లాగారు, గుప్పెడు గింజలు రాలాయి, ఆగిపోయాయి. అందరూ నా వైపు చూశారు. తెర మీద మాత్రం గోళీలు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

పై బరువంతా అడుగుదాకా రాదు. నీళ్ల ట్యాంకులో లోతుతో ఒత్తిడి పెరుగుతుంది. ధాన్యంలో కొంత లోతు దాటాక ఇంచుమించు పెరగదు, రాపిడి వల్ల గోడలే బరువు మోస్తాయి. జర్మన్ ఇంజినీరు జాన్సెన్ దీన్ని 1895లోనే తేల్చాడు. నేను చదివిందే, పిల్లలకు పాఠం చెప్పిందే! అయినా బొమ్మ ముందు చదువు ఓడిపోయింది.

హమాలీ కొయ్య సుత్తి తెచ్చి, బయట నిలబడి హాపర్ గోడ మీద నాలుగు దెబ్బలు వేశాడు. కన్నం మీద గింజలు కట్టిన కమాను కూలి, ధాన్యం ఒక్కసారిగా దిగింది. ఆ జోరు చూశాక నా ఒళ్లు జలదరించింది. నా మాట నమ్మి ఎవరైనా పొడవడానికి లోపలికి దిగి ఉంటే, ధాన్యం మనిషిని మింగేసేది.

ఆ ధాన్యమే ఒక బస్తా వెంట తెచ్చుకుని గచ్చు మీద పోశాను. రాశి నిటారుగా నిలబడింది. తెర మీద అలాగే పోస్తే నా గోళీల రాశి పల్చగా పరుచుకుపోయింది. సర్కారు కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. ఇది కోత మిషన్ నుంచి నేరుగా వచ్చిన సరుకు, అంతకంటే తడిగా ఉంది. గోళీలను రెండు మూడేసి అతికించి కోలగా చేశాను, దొర్లకుండా నిరోధం పెట్టాను, తడి జిగురు కలిపాను. రెండు రాశుల వాలూ కలిశాక హాపర్ లెక్క మళ్లీ నడిపితే, తెర మీద కూడా ధాన్యం ఇరుక్కుంది. ఇరుక్కున్న బొమ్మను చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మీరూ ఈ పనిలో ఉన్నవారైతే నాదొక్కటే విన్నపం. ముందు అసలు సరుకును రాశి పోసి వాలు కొలవండి. ఆ వాలు మీ లెక్కలో వచ్చేదాకా హాపర్ బొమ్మ ఎవరికీ చూపించకండి.