28 సెకన్ల అల్లుడు

మా బావమరిది సెకండ్ హ్యాండ్‌లో ఓ లాప్‌టాప్ కొని తిన్నగా మా ఇంటికి పట్టుకొచ్చాడు. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. మంచినీళ్లయినా తాగకుండా మంచం మీద చతికిలబడి, టాస్క్ మేనేజర్ తెరిచి, "మోసపోయాం బావా" అన్నాడు. కొన్నది తనొక్కడే. మోసపోయేటప్పుడు మాత్రం వాడెప్పుడూ బహువచనమే వాడతాడు.

కొట్టువాడు చెప్పింది 3.4 గిగాహెర్ట్జ్. తెర మీద కనిపిస్తున్నది 0.8. "పావు వంతు కూడా లేదు చూడు!"

"ఏం పని చేయిస్తున్నావురా దాంతో?"

"ఏమీ లేదు, ఊరికే చూస్తున్నా."

పనేమీ లేకపోతే నెమ్మదించి కరెంటు మిగుల్చుకుంటున్న యంత్రాన్ని పట్టుకుని సోమరిపోతంటున్నాడు. ఈయనగారేమో సంక్రాంతి నుంచీ ఖాళీ.

ఆ ప్రాసెసరు జాతకం తీయించాను. ఇంటెల్ కోర్ ఐ5-8250యూ, 2017లో పుట్టింది. నాలుగు కోర్లు, 15 వాట్లు. బేస్ వేగం 1.6, టర్బో 3.4. అది గట్టిగా మాటిచ్చింది 1.6కే. 3.4 అన్నది ఒక కోరు అందుకోగల గరిష్ఠం. ఇంటెల్ వివరాల పట్టికలో రెండంకెలూ దాపరికం లేకుండా ఉంటాయి. కొట్టులోకి వచ్చేసరికి పెద్దంకెకే నోరుంటుంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పేటప్పుడు బోనసూ, ఓవర్‌టైమూ, తాతగారి పొలం కౌలూ కలిపి చెప్పరూ? అలాగన్నమాట.

"అయితే పని పెడతా" అని వాడు తన పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ మొదలెట్టాడు. అంకె మూడు దాటి ఎగిరింది. వాడి మొహమూ వెలిగింది. అర నిమిషం. అంకె 2.3కి జారింది, మొహం అంతకన్నా కిందికి.

కొత్త అల్లుడికి మూడు రోజులు గారెలూ బూరెలూ, నాలుగో రోజు చారన్నం. ప్రాసెసరుకి ఆ మూడు రోజులూ సాధారణంగా 28 సెకన్లు. ఆ కాసేపూ 15 వాట్ల హద్దు దాటి మేయనిస్తారు, తర్వాత రేషనే. నాలుగు కోర్లూ ఒక్కసారే పంక్తిలో కూర్చుంటే ఆ 15 వాట్లనే నలుగురూ పంచుకోవాలి. మర్యాద ఎన్ని సెకన్లు, విస్తట్లో ఎన్ని వాట్లు అన్నది లాప్‌టాప్ తయారుచేసినవాడి చెయ్యి. అందుకే ఒకే ప్రాసెసరు ఒక ఇంట్లో గుర్రం, ఇంకో ఇంట్లో గాడిద. పైగా వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి, కరెంటు ఖర్చేమో వోల్టేజీ వర్గాన్ని పట్టుకుని పెరుగుతుంది. కొండ చివరి నాలుగు మెట్లకే ఆయాసమంతా.

ఇదంతా గంభీరంగా చెబుతుండగా అంకె 1.1కి వచ్చింది. "బేస్ కూడా లేదు కదా బావా!"

నా పాండిత్యం అక్కడ ఆగింది. 1.6కి మాటిచ్చిందని ఇందాకే నేను హామీ ఉన్నాను. వంగి చూద్దును కదా, లాప్‌టాప్ పరుపులో సగం కూరుకుపోయి ఉంది. కింద గాలి పీల్చుకునే కంతలన్నీ దూది మింగేసింది. ఈ ప్రాసెసరు తట్టుకోగల వేడికి హద్దు 100 డిగ్రీలు, అంటే నీళ్లు మరిగే వేడి. ఆ హద్దు దగ్గరపడితే తనంతట తనే వేగం కోసుకుంటుంది. బయట ఎండ, కింద పరుపు, పైన మావాడి తిట్లు. పాపం, అది ఇంకేం చేస్తుంది?

బల్ల మీదికి మార్చాం. నా మీద తిరుగుతున్న టేబుల్ ఫ్యాను వాడు దానివైపు తిప్పేశాడు. కాసేపటికి 2.3 తిరిగొచ్చింది. ఎక్స్‌పోర్ట్ పూర్తికావడానికి ఇంకా రెండు గంటలని చూపిస్తోంది.

మా ఆవిడ తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. నా చేతికి విసనకర్ర ఇచ్చింది.