కాటా

శనివారం పొద్దున నగరం నుంచి శంకర్‌పల్లి వైపు కార్లు బారులు తీరుతాయి. ముప్పై కిలోమీటర్లు కూర్చుని వచ్చేది దేనికంటే, నడవడానికి. 2025 జనవరిలో అక్కడి ప్రొద్దుటూరులో 150 ఎకరాల ఎక్స్‌పీరియం పార్కు తెరిచాక మనకు కాళ్లున్న సంగతి గుర్తొచ్చింది. టికెట్ కొంటాం, నడుస్తాం, చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకుంటాం. తిరుగు దారిలో చేవెళ్ల రోడ్డు పక్కన మిర్చి బజ్జీతో లెక్క సరిచేస్తాం.

ఆ రోడ్డు పక్కనే గంప పెట్టుకుని బెండకాయలమ్మే అమ్మకు ఈ సంగతి చెబితే నవ్వింది. "నడుసుటానికి పైసలు గడ్తరా సారూ? మా చేన్ల కూలికి రారాదుండ్రి, మేమే ఎదురిస్తం!"

మన లావు మీద మంతెన సత్యనారాయణరాజు గారికి జాలేసి ఉప్పు, నూనె మానమన్నారు. మానాం. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మాని కొబ్బరినూనె తాగమన్నారు. తాగాం. ఖాదర్ వలీ గారు వరీ వద్దు, గోధుమా వద్దు, కొర్రలు తినమన్నారు. నిన్నటిదాకా పిట్టలకు వేసిన కొర్రల్ని ప్యాకెట్లలో కొన్నాం. వంటింట్లో డబ్బాలు పెరిగాయి గానీ బొజ్జ మాత్రం చెక్కు చెదరలేదు. 2025లోనే బరువు తగ్గించే మౌంజారో సూది మన దేశానికి వచ్చింది. డాక్టరు రాసినవారికి అది మందు. చెల్లెలి పెళ్లి ఫొటోల కోసం అడిగేవారికి అదో కొత్త నగ.

ఈ సన్నబడే వ్యాపారానికి ప్రకటనల ఖర్చు లేదు, మన చుట్టాలున్నారు కదా! పెళ్లిపందిట్లో అడుగు పెట్టగానే పెద్దమ్మ "ఏందే, గింత లావైనవ్?" అంటుంది. పది నిమిషాలకు విస్తరి ముందు అదే పెద్దమ్మ "గింతేనా తినేది? నా మీద ఒట్టు, ఇంకో లడ్డు!" అంటుంది. లావు తెచ్చేదీ, సిగ్గు తెచ్చేదీ ఒకటే చెయ్యి.

సన్నగా ఉంటే చాలు, ఆరోగ్యమే అనుకుంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 30.1 శాతం మంది అధిక బరువున్నారు. 18.8 శాతం మంది ఉండాల్సినంత బరువు కూడా లేరు. 57.6 శాతం మందికి రక్తహీనత. బక్కపలచని గంపమ్మను చూసి "ఎంత ఫిట్‌గా ఉందో!" అనేవారు ఆమె రక్తపరీక్ష ఎప్పుడైనా చూశారా?

బరువు తగ్గొద్దని కాదు. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే షుగరు, గుండెజబ్బు దగ్గరపడుతున్నట్టే. అది తెలుసుకోవడానికి దర్జీ టేపు చాలు. తగ్గాలంటే వారమంతా వీధిలో నడవాలి, కంచంలో అన్నం తగ్గించి కూర పెంచాలి. ఆ కూర గంపలోనే ఉంది.

ఒక్క మనవి. టికెట్ కౌంటర్లో నోరెత్తని సారూ, ఆమె కాటా దగ్గర మాత్రం పది రూపాయలకు బేరమాడకండి.