ఆంధీ పద్యం: టీక, తాత్పర్యం, కొంత మజ్జిగ

ఆ.వె.
దుమ్ము లేచె మింట, దుమికెను పిడుగులు,
పోయె లైటు, ఫ్యాను; పొయ్యి మిగిలె;
అన్నమడుగ వలదు, ఆనపకాయతో
మజ్జిగున్న చాలు మనకు నేడు.

అవతారిక: మే నెలలో ఒక సాయంత్రం ద్వారకలో ఒక ఇల్లాలు పెనిమిటితో అంటున్నది. ద్వారక అంటే శ్రీకృష్ణుడిది కాదు, ఢిల్లీలో సెక్టార్ల నంబర్లున్నది. ‘ఏమండీ’ అనే సంబోధన అధ్యాహారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ నియమం పెట్టుకున్నాడు. ఆయన మన మెదకు సీమ కొలిచాలవాడు, మహానుభావుడు. మాకు ఆ నియమం కుదరదు. మూలంలో ఉన్నవి నాలుగు పాదాలు, పత్రికవారు అడిగింది పేజీ.

టీక: మింటన్ = ఆకాశమునందు; దుమ్ము = ధూళి; లేచెన్ = పైకెగసెను. దీన్నే ఉత్తరాదివారు ఆంధీ అంటారు. నేల నలభై నాలుగు డిగ్రీల దాకా కాగి ఉంటుంది. పడమటి నుంచి వెస్టర్న్ డిస్టర్బెన్స్ వస్తుంది, సముద్రాల వైపు నుంచి తేమగాలి వచ్చి దాన్ని కలుస్తుంది. మబ్బు నిలువునా పెరుగుతుంది. అందులోంచి రాలే చినుకులు నేల చేరకముందే సగం ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ చల్లగాలి కిందికి దూకి, నేల తగలగానే నలుదిక్కులా పరుగెత్తుతుంది. దుమ్ము దాని ముందు నడిచే వందిమాగధుల గుంపు.

ఇది అతిశయోక్తి అని కొందరు. కాదు. 2025 మే 21 సాయంత్రం సఫ్దర్‌జంగ్‌లో గాలి గంటకు 79 కిలోమీటర్ల వేగంతో వీచింది, వడగళ్లు పడ్డాయి. నాలుగు రోజులకే, 25వ తేదీ తెల్లవారేలోపు, 82 కిలోమీటర్ల గాలి, 81 మిల్లీమీటర్ల వాన. 2022 మే 30న జామా మసీదు గుమ్మటం మీది కలశమే విరిగింది. కనుక ఇది స్వభావోక్తి.

లైటున్, ఫ్యానున్ పోయెన్ = స్పష్టము. అయితే ఇందులో ధ్వని ఉంది. ఫ్యానుతో పాటు మిక్సీ కూడా పోయింది. ఆ మాట ఆమె అనలేదు, సహృదయులే గ్రహించాలి. మిక్సీ లేకపోతే కొబ్బరి, అల్లం, పచ్చిమిర్చి ముద్ద లేదు. ఆ ముద్ద లేకపోతే మజ్జిగపులుసు లేదు. నాలుగో పాదంలో వచ్చే వంటను రెండో పాదమే నిర్ణయించింది. ఇది కావ్యశిల్పం.

పొయ్యి మిగిలెన్ = గొట్టంలో గ్యాసు వచ్చే ఇల్లు అని భావం. ఇండక్షన్ స్టవ్ ఉన్నవారు ‘పొయ్యి కూడ’ అని పఠిస్తారు. గణభంగం లేదు, భోజనభంగం ఉంది. నోయిడా, గురుగ్రామ్ టవర్లలో ఈ పాదం ముగిసేలోగా జనరేటర్ అందుకుంటుంది. వారికి ఈ కావ్యంలో అధికారం లేదు.

అన్నమున్ అడుగవలదు = అన్నం పెట్టమని అడగకండి. ఇక్కడ ‘వలదు’ తర్వాత ‘ఆనపకాయ’ రాగా సంధి చేయకపోవడం దోషమని వైయాకరణులు పట్టుకున్నారు. మధ్యలో పిడుగు పడి ఆగిందని మా సమాధానం.

అసలు చిక్కు వేరే ఉంది. పొయ్యి మిగిలిందని ఆమే ఒప్పుకుంది కదా, మరి అన్నం వండడానికి ఏం అడ్డు? ఇది పూర్వపక్షం. కరెంటు కుక్కరు పనిచేయదు కనుక, అని ఒక వ్యాఖ్యాత. పొయ్యి మీద గిన్నె పెట్టి గంజి వార్చిన వంశంలో పుట్టినామెకు కుక్కరు లేకపోతే అన్నం ఉడకదా? ఆ సమాధానం నిలవదు. సిద్ధాంతం ఏమిటంటే, గాలివానకూ అన్నానికీ ఏ సంబంధమూ లేదు. ఇది వ్యాజోక్తి: అసలు కారణం దాచి మరో కారణం చెప్పడం. అసలు కారణం అలమారలో బట్టల కింద ఉన్న హెచ్‌బీఏ1సీ రిపోర్టు.

ఆయనకు డాక్టరు చెప్పి చూశారు, కూతురు ఫోనులో చెప్పి చూసింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చితే, ‘అంతమందిలో నేనొకణ్ణి’ అని ఆయన ధైర్యం తెచ్చుకున్నారు. మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రాభవన్ క్యాంటీన్ ఉండనే ఉంది, అక్కడ అన్నం ఎంతంటే అంత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలైందే బెరిబెరి మీద పరిశోధనకు, అంటే మరపట్టిన తెల్ల బియ్యం తెచ్చిపెట్టే జబ్బు మీద. నూరేళ్లు దాటినా తెలుగువాడు ఆ బియ్యాన్ని అనుమానించడు. అలాంటి మనిషితో రాత్రి అన్నం మాన్పించాలంటే వైద్యం చాలదు, వాతావరణం కావాలి. ఆంధీ కోసం ఆమె ఏప్రిల్ నుంచీ ఎదురు చూసిందని మా ఊహ.

ఆనపకాయతో = సొరకాయతో. వండిన అన్నం వంద గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములైతే, ఈ కాయలో మూడు నాలుగు గ్రాములు. మిగతాదంతా దాదాపు నీళ్లే. ఢిల్లీలో లౌకీ అని బండి మీద కేకేసి అమ్ముతారు. కాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుంటే కాయంతా పారేయాలి. ఇందులో పరిహాసం లేదు. 2010లో ఇదే నగరంలో చేదు సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త ప్రాణం పోగొట్టుకున్నారు.

మజ్జిగ ఉన్నన్ చాలున్ = ఇక్కడ మజ్జిగ అంటే గిలక్కొట్టిన చిక్కటి పెరుగు. విధానం: కిటికీలు మూసి, గిన్నెలు బోర్లించాలి, లేకపోతే రాజస్థాన్ ఇసుకతోనే తాలింపు. లేత కాయ చెక్కు తీసి చిన్న ముక్కలు చేసి, పసుపు, ఉప్పు, చారెడు నీళ్లతో మూతపెట్టి మగ్గనివ్వాలి. పూర్తిగా చల్లారాకే పెరుగులో కలపాలి. వేడి మీద కలిపితే విరుగుతుంది. పచ్చిమిర్చి, అల్లం కత్తిపీటతో సన్నగా తరగాలి, మిక్సీ లేదుగా. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు. పక్కన యమున ఒడ్డు కకడీ చక్రాలు, ఆకలి ఆగకపోతే రెండు ఉడికించిన గుడ్లు. చెంచాతో తినాలి. కలుపుకోవడానికి ఏదో ఒకటి లేకపోతే చెయ్యి ఊరుకోదని పెద్దలు అంటారు, నిజమే.

నేడు = ఈ దినము. భర్త మతంలో ఈ ఒక్క రాత్రికే. భార్య మతంలో మబ్బు పట్టిన ప్రతి రోజూ. ఎన్సీఆర్‌లో మే, జూన్ నెలలు ఆమె పక్షమే.

తాత్పర్యం: తుపాను వచ్చింది కనుక సొరకాయ తినండి.

పాఠనిర్ణయం: ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితం మాకు మాతృక. అందులో నాలుగో పాదం పక్కన పెన్సిలుతో ‘మజ్జిగన్నమున్న మనకు చాలు’ అని వేరే దస్తూరీలో ఉంది. గణాలు సరిపోయాయి, యతీ కుదిరింది. మూడో పాదంతో విరోధం ఒక్కటే అడ్డు. ఆ ‘వలదు’ను కొట్టేయడం కూడా మొదలుపెట్టారు గానీ, ‘వ’ దగ్గరే గీత ఆగిపోయింది. కరెంటు వచ్చి ఉంటుంది.