పదిహేడు పరుగుల తేడాతో ఓడించు స్వామీ!

గెలిపించమని దేవుడికి మొక్కుకోవడం లోకమంతా చేసే పనే. తమిళనాడులోని మా రాజపాళయం మాత్రం 2024 మే 18 రాత్రి కొత్త మొక్కు కనిపెట్టింది. ఓడించు స్వామీ, నీ ఇష్టం, కాకపోతే పదిహేడు పరుగుల తేడాతోనే ఓడించు, పద్దెనిమిది కానివ్వకు! ఇంత తక్కువ అడిగి, ఇంత కచ్చితంగా అడిగిన భక్తుల్ని మా అయ్యనార్ స్వామి అంతకుముందు చూసి ఉండడు.

సంగతి ఇదీ. ఐపీఎల్‌లో టీములు పది, ప్లేఆఫ్ కుర్చీలు నాలుగు. మూడింటిలో అప్పటికే మనుషులు కూర్చున్నారు. నాలుగోదాని కోసం చెన్నై, బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో తలపడ్డాయి. చెన్నైకి 14 పాయింట్లు, బెంగళూరుకి 12. బెంగళూరు గెలిస్తే ఇద్దరూ సమానం, అప్పుడిక తీర్పు నెట్ రన్ రేటుది. బెంగళూరు 218 కొట్టింది. చెన్నై గెలవాలంటే 219 కావాలి. గెలవకుండానే ముందుకు పోవాలంటే 201 చాలు. విన్నవెంటనే మావాళ్లు 219ని మరిచిపోయారు. ఓటమిలో సుఖమార్గం దొరికాక గెలుపు జోలికి ఎవడు పోతాడు?

ఓడి కూడా పైకి పోవచ్చన్నది ఊరికి తెలియని సంగతేమీ కాదు. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉండగానే మా ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజా 1952 ఎన్నికల్లో శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయారు. ఆయన పార్టీ కాంగ్రెసుకి 375 సీట్లలో వచ్చినవి 152. మెజారిటీ లేదు. అయినా రాజాజీ వచ్చారు, కూడికలు తీసివేతలు చేశారు, ప్రభుత్వం కాంగ్రెసుదే అయింది. నెట్ రన్ రేటు అనే మాట అప్పటికి పుట్టలేదు గానీ పని మాత్రం జరిగిపోయింది.

అసలు చెన్నై టీము మాకెలా చుట్టమయిందో ఎవరూ అడగరు. చెన్నై మాకు ఐదారువందల కిలోమీటర్ల దూరం, రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ఎగ్మోరు. తిరువనంతపురం అంతకంటే చాలా దగ్గర. కానీ కేరళకి టీము లేదు. 2011లో కొచ్చికి ఒకటి వచ్చి, ఒక్క సీజన్ ఆడి, చెప్పకుండా వెళ్లిపోయింది. పోనీ, మా ఊరి రాజుల ఇళ్లలో మాట్లాడేది తెలుగు కదా, విజయనగరం నాటి వలస అని పెద్దలు చెబుతారు కదా, ఆ లెక్కన హైదరాబాదు మాది కావాలి. అయితే సన్‌రైజర్స్ హైదరాబాద్ ఎవరిది? చెన్నైలోని సన్ టీవీ వాళ్లది. మరి చెన్నై టీము దేవుడెవరు? రాంచీ నుంచి వచ్చిన ధోనీ. గుంటూరు అబ్బాయి అంబటి రాయుడు పసుపు చొక్కా వేసుకుని చెన్నైకి మూడు కప్పుల్లో చెయ్యి వేశాడు. ఇందులో ఎవరు ఎవరివాళ్లో తేల్చాలంటే పెళ్లిళ్ల పేరయ్య కావాలి.

ఇంకో ముచ్చటుంది. మాది రామ్‌కో ఊరు. పి.ఎ.సి. రామస్వామి రాజా పెట్టిన మిల్లులు, సిమెంటు కంపెనీ ఊరికి అన్నం పెట్టాయి. 2008లో చెన్నై టీముని వేలంలో కొన్నది ఇండియా సిమెంట్స్, అంటే బజారులో రామ్‌కోకి పోటీ. రామ్‌కో సిమెంటుతో ఇల్లు కట్టుకుని, ఆ గోడకే ఇండియా సిమెంట్స్ వారి టీము పోస్టరు అంటించుకున్న ఊరు ప్రపంచంలో ఇంకొకటి ఉండదు. గోడ ఇప్పటిదాకా పగుళ్లివ్వలేదు, రెండు కంపెనీలకూ ఇదే మంచి ప్రకటన.

రాజపాళయం కుక్క సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెల్లటి ఒళ్లు, గులాబీ ముక్కు. 2005లో తపాలా శాఖ దాని మీద బిళ్ల కూడా వేసింది. ఒక్క యజమాని మాట తప్ప ఇంకెవరి మాటా వినదని దానికి పేరు. ఊళ్లో మనుషులకి ఆ గుణం ఏప్రిల్ నెలాఖరు దాకానే. మే వచ్చేసరికి సోమవారం ముంబయి గెలవాలి, బుధవారం అదే ముంబయి చిత్తుగా ఓడాలి, శుక్రవారం ఢిల్లీ గెలవొచ్చు గానీ పందొమ్మిదో ఓవరు దాటాకే. నిన్నటిదాకా బూతులు తిట్టిన బౌలరుకి ఇవాళ దిష్టి తీస్తారు. ఇంటిముందు కుక్క ఇదంతా చూసి అటు తిరిగి పడుకుంటుంది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, స్పిన్నింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. ఊరందరికీ మామ. నూలు రెండు వేళ్ల మధ్య పట్టి అరవై కౌంటా, ఎనభై కౌంటా చెప్పేసే మనిషి. అలాంటివాణ్ణి కూడా నెట్ రన్ రేటు ముప్పుతిప్పలు పెట్టింది. సీజనంతా ఓవరుకి మనం కొట్టిన పరుగుల్లోంచి, ఓవరుకి మనమిచ్చిన పరుగులు తీసెయ్యాలి, అంతవరకూ బాగానే ఉంది. టీము పదిహేను ఓవర్లకే ఆలౌటైతే ఇరవై ఓవర్లూ ఆడినట్టే వెయ్యాలి అన్నప్పుడు మామ పెన్ను కింద పెట్టేశాడు. "చెయ్యని డ్యూటీకి హాజరు వేస్తార్రా? మా మిల్లులో ఇలా రాస్తే మేస్త్రీని ఇంటికి పంపేవాళ్లు."

అమెరికాలో బేస్‌బాల్ పిచ్చివాళ్లదీ ఇదే జబ్బు. సీజనుకి 162 ఆటలు. సెప్టెంబరు వచ్చేసరికి 'మ్యాజిక్ నంబర్' అని ఒకటి పట్టుకుంటారు. మనం గెలిస్తే ఒకటి తగ్గుతుంది, వెనకాల తరుముకొచ్చేవాడు ఓడినా ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే పండగ. వేళ్లు చాలు. రెండు టీములు సమానమైతే ఒకప్పుడు తేల్చుకోండని ఇంకో ఆట ఆడించేవారు, 2022 నుంచి ఆ ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఎక్కువసార్లు ఓడించారో చూస్తున్నారు. పాపం, దశాంశాల్లో ఏడ్చే భాగ్యం వాళ్లకి లేదు.

ఇక వాన. మే 16న హైదరాబాదులో గుజరాత్‌తో ఆట ఒక్క బంతి పడకుండానే వానకి రద్దయింది. పాయింటు వచ్చింది, సన్‌రైజర్స్ ప్లేఆఫ్‌కి వెళ్లిపోయారు. హైదరాబాదులో ఐటీ ఉద్యోగం చేసే మామ అల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, మేం పాసైపోయాం!" మామ అన్నాడు, "పరీక్ష రాయకుండా పాసవ్వడం కూడా ఒక చదువేనా అల్లుడూ?" సరిగ్గా రెండు రోజులకి, బెంగళూరులో ఆట వానకి కొట్టుకుపోతే చెన్నైకి పదిహేనో పాయింటు వస్తుందని తెలిసి, అదే మామ స్నానం చేసి తిరుప్పావై అందుకున్నాడు. అందులో వానని పిలిచే పాశురం ఉంది గదా. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళమ్మ మాకు పక్క ఊరి ఆడపడుచు, ఆ చనువుతో ధనుర్మాసంలో పాడాల్సింది మే నెలలో పాడేశాడు. మాకు ఒక్క చుక్క వద్దు తల్లీ, అంతా చిన్నస్వామి స్టేడియం మీదే పొయ్యి!

తల్లి విన్నది. మూడు ఓవర్లు కాగానే వాన దిగింది. కానీ ఆ స్టేడియంలో నేలకింద నీళ్లు పీల్చేసే యంత్రాలు పెట్టారు. కాసేపటికి మైదానం ఆరింది, ఒక్క ఓవరు కూడా తగ్గలేదు. దైవకృపని మోటారు పెట్టి తోడేస్తుంటే ఆండాళ్ మాత్రం ఏం చేస్తుంది?

చివరి ఓవరు. గెలవడానికి 35, ఓడి బతకడానికి 17. బంతి యశ్ దయాళ్ చేతిలో. అంతకుముందు ఏడాది చివరి ఓవర్లో రింకూ సింగ్ చేత వరసగా ఐదు సిక్సర్లు తిన్న కుర్రాడు. మొదటి బంతికి ధోనీ కొట్టిన సిక్సరు 110 మీటర్లు పోయి స్టేడియం బయట పడింది. ఇక ఐదు బంతుల్లో 11. వీధిలో విజిళ్లు, ఎవరో తొందరపడి టపాకాయ కూడా కాల్చారు. బంతి పోతే పోయింది, కొత్త బంతి ఇచ్చారు. రెండో బంతికి ధోనీ క్యాచ్ ఇచ్చేశాడు. మిగతా నాలుగింటిలో వచ్చింది ఒక్క పరుగు. 191. ఇరవై ఏడు పరుగుల తేడాతో ఓటమి, అంటే అనుమతించినదానికంటే పది ఎక్కువ. పట్టికలో ఇద్దరికీ 14 పాయింట్లే. బెంగళూరు 0.459, చెన్నై 0.392.

బయట పడ్డ ఆ సిక్సరు వల్లే పాత తడి బంతి పోయి ఆరిన బంతి వచ్చిందని, అందుకే దయాళ్‌కి పట్టు దొరికిందని మామ ఇప్పటికీ వాదిస్తాడు. అంటే ధోనీ తక్కువ కొట్టి ఉంటే గెలిచేవాళ్లం. కాదు, సరిగ్గా ఓడేవాళ్లం. మా పక్క చత్రపట్టిలో ఆసుపత్రులకి బ్యాండేజీ గుడ్డ నేస్తారు. ఆ రాత్రి నేసిందంతా ఊళ్లోనే అమ్ముడుపోయినా ఆశ్చర్యం లేదు.

మే 26న ఫైనల్ చేపాక్‌లో. చెన్నై మైదానం, చెన్నై యజమాని, చెన్నై టీము లేదు. సన్‌రైజర్స్ 18.3 ఓవర్లలో 113కి ఆలౌట్, కోల్‌కతా దాన్ని 10.3 ఓవర్లలో ఊదేసింది. ఈసారి ఫోన్ చేసింది మామ. "అల్లుడూ, వాన పడలేదా?"

బాకీ మరుసటి ఏడే తీరింది. 2025 ఏప్రిల్ 25న సన్‌రైజర్స్ చేపాక్‌లో చెన్నైని తొలిసారి ఓడించారు. మర్యాదస్తుడు గనుక అల్లుడు ఫోన్ చెయ్యలేదు, వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు. ఆ నెలాఖరుకే పోటీలోంచి అందరికంటే ముందు బయటపడ్డది చెన్నై. మే నెల రాకముందే లెక్కలు అయిపోయాయి, ఊరు హాయిగా నిద్రపోతుందనుకున్నాను.

మే 25న అహ్మదాబాదులో ఆఖరి ఆట. ఏ ప్రయోజనమూ లేని ఆటలో చెన్నై 230 కొట్టి, గుజరాత్‌ని 83 పరుగులతో ఓడించి, వాళ్ల మొదటి రెండు స్థానాల ఆశ మీద నీళ్లు చల్లింది. వాడి కొంప ముంచామన్న సంతోషంలో వీధంతా విజిళ్లేసింది. ఇంతలో పట్టిక వచ్చింది. రాజస్థాన్‌కి 8, చెన్నైకి 8. నెట్ రన్ రేటులో తేడా. ఐపీఎల్ చరిత్రలో మొదటిసారి చెన్నై ఆఖరున, పదో స్థానంలో.

మామ కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఒరేయ్, ఆ కాలిక్యులేటరు ఇలా తే. తొమ్మిదో స్థానానికి ఎన్ని పరుగులు తక్కువయ్యాయో చూద్దాం."