పాన్‌గల్ యుద్ధంలో చరిత్రకారుణ్ణి ఓడించడం ఎలా?

యుద్ధాల గురించి తెలుసుకోవాలన్న సరదా మంచిదే. ఆ సరదా పట్టుకుని తిన్నగా చరిత్రకారుడి ఇంటికి వెళ్లడంలోనే ఉంది ప్రమాదమంతా. వనపర్తి జిల్లా పాన్‌గల్ కొండ కింద ఆరువందల ఏళ్ల నాడు జరిగిన యుద్ధం సంగతి ఒక్క ముక్క అడిగి చూడండి. మూడు పుస్తకాల పేర్లు చెప్తాడు. ఆ మూడూ ఒకదానితో ఒకటి కుదరవని కూడా చెప్పి, టీ తాగించి పంపిస్తాడు. ఇంత దూరం బస్సెక్కి వెళ్లింది ఇందుకా? కాబట్టి తగిన తయారీతో వెళ్లాలి. కింద చెప్పినట్టు నడుచుకుంటే, ఎంతటి పండితుడి దగ్గర ఎన్ని గంటలు కూర్చున్నా, వెళ్లేటప్పుడు మీకేం తెలుసో వచ్చేటప్పుడూ అంతే తెలిసి ఉంటుంది. అణువంత కూడా పెరగదు.

అన్నిటికంటే ముందు, గెలిచిందెవరో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. గెలిచిన తీరు కూడా తేల్చుకోండి. మీసం, కత్తి, తెల్లగుర్రం, కొండ మీంచి ఒక్క గర్జన. లేకపోతే ఆయన చెప్పేది విని మనసు విరిగిపోతుంది. ఆయన చెప్పేదేమిటంటే: 1417లో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా ఈ కోటను ముట్టడించాడు. కోట విజయనగరం పక్షాన ఉంది, రాజు మొదటి దేవరాయలు. ముట్టడి రెండేళ్లు సాగింది. కోట లొంగలేదు. ఈలోపు సుల్తాను దండులో రోగం పుట్టి మనుషులూ గుర్రాలూ రాలిపోయాయి. పెద్ద పెద్ద సర్దార్లే తమ మందిని వెంటేసుకుని ఎవరి జాగీరుకు వాళ్లు జారుకున్నారు. అదను చూసి దేవరాయలు చుట్టుపక్కల రాజుల్ని కూడగట్టుకుని వచ్చిపడ్డాడు. దగ్గరివాళ్లు వద్దన్నా వినక, పరువు కోసం ఫిరోజ్ షా యుద్ధానికి దిగాడు. ఓడిపోయాడు.

చూశారా! ఇందులో గర్జన ఎక్కడుంది? సగం యుద్ధం రోగమే చేసేసింది. మీరు మాత్రం ‘రోగం’ అన్న మాట వినబడగానే ఫోన్ మోగినట్టు నటించి లేచి వరండాలోకి వెళ్లండి. తిరిగి వచ్చాక “ఆఁ సార్, మరి మన రాజు కత్తి బరువెంత?” అని అడగండి. కత్తి బరువు అడిగాక ఏ చరిత్రకారుడూ ఎక్కువసేపు మాట్లాడలేడు.

‘ఇది మీకెలా తెలుసు?’ అన్న ప్రశ్న మాత్రం చచ్చినా అడక్కండి. అడిగారో, ఆయన ముఖం వెలిగిపోతుంది, కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. ఇక సాయంత్రం మీది కాదు. ఈ కథ చాలావరకు ఫెరిష్తా రాసిందంటాడు. ఆ ఫెరిష్తా బిజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్ షా కొలువులో పదిహేడో శతాబ్దం మొదట్లో కూర్చుని రాశాడంటాడు. అంటే యుద్ధం అయ్యాక సుమారు నూట తొంభై ఏళ్లకు. మీ తాతగారి తాతగారి పెళ్లిలో వడ్డించిన కూరల సంగతి మీరిప్పుడు రాసినట్టన్నమాట. పైగా ఓడిపోయింది దక్కను సుల్తాను, రాసిందీ దక్కను సుల్తాను కొలువులోవాడే. ఓటమికి రోగం కారణమైతే సుల్తాను మర్యాద కొంత దక్కుతుంది కదా, అని కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒక అనుమానం వదులుతాడు. అలాగని రోగం అబద్ధమనీ అనడు. రెండేళ్లు ఒకేచోట దిగబడ్డ దండులో రోగం పుట్టకపోతేనే వింత అంటాడు. అటూ కాదు, ఇటూ కాదు. ఇలాంటి మాటలు మన యూట్యూబు వీడియోకు ఏం పనికొస్తాయి చెప్పండి?

పనికొస్తాయి. దానికో ఉపాయం ఉంది. ఆయన మాటలన్నీ ఫోన్లో రికార్డు చేయండి. ఇంటికొచ్చి ‘బహుశా’, ‘అంటారు’, ‘ఫెరిష్తా ప్రకారం’, ‘దీనికి వేరే ఆధారం దొరకాలి’ అన్న ముక్కలు కత్తిరించేయండి. గంట మాటల్లో నలభై సెకన్లు మిగులుతుంది. అదే మీ వీడియో. యుద్ధభూమిలో తలలు గుట్టగా పేర్చారని ఫెరిష్తా రాసిన సంగతి ఆయన చెప్పి ఉంటే, దాన్ని బొమ్మగా ముందు పెట్టండి. రాసినవాడు దాన్ని కళ్లారా చూడలేదన్న ముక్క ఎలాగూ కత్తిరింపుల్లో పోయింది.

పేర్ల దగ్గర పెద్దగా హైరానా పడొద్దు. దేవరాయలంటే కృష్ణదేవరాయలే అనుకోండి. ఆయన గద్దెనెక్కింది 1509లోనని సార్ గొణిగితే గొణగనివ్వండి, తొంభై ఏళ్ల తేడా ఒక తేడానా! ఇంకా ధైర్యం ఉంటే ప్రతాపరుద్రుణ్ణి కూడా ఏనుగెక్కించి తీసుకురండి. దేవరాయలకు ‘తెలింగాణ రాజు’ సాయం వచ్చాడని రాసి ఉంది గదా. కాకతీయ రాజ్యం 1323లోనే పోయింది, ఈ రాజు మరెవరో అయి ఉండాలి, రాచకొండ వెలమ ప్రభువుల సంగతి చూడాలి, వాళ్లు అంతకుముందు బహమనీల పక్షాన ఉన్నవాళ్లు మరి, అని ఆయన మొదలెడతాడు. అటువంటప్పుడు బిస్కెట్ పళ్లెం ఆయన వైపు జరపండి.

ఇక అసలైన ప్రశ్న. దీన్ని ఎంత తొందరగా అడిగితే అంత మంచిది. మొన్న మనవాడొకడు నా సలహా మీద వనపర్తిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ దగ్గరికి వెళ్లి కూర్చోకముందే అడిగేశాడు.

“సార్, గీ లొల్లిల మనోళ్లు ఎవలు సార్?”

“మనోళ్లంటే?”

“గదే సార్, మనోళ్లు.”

ఆయన కాసేపు మావాడి ముఖంలోకి చూసి, “ఫిరోజ్ షా దేవరాయల అల్లుడు. ఇప్పుడు చెప్పు, మనోళ్లెవరో” అన్నాడట.

అల్లుడా! మావాడి నోట మాట రాలేదు. ఇలాంటి దెబ్బలకు సిద్ధంగా ఉండాలి. 1406 ప్రాంతంలో ముద్గల్‌లో ఒక కంసాలి కూతురి విషయమై యుద్ధం పుట్టిందనీ, అది ముగిశాక దేవరాయలు తన కూతుర్ని ఫిరోజ్ షాకిచ్చి పెళ్లి చేశాడనీ ఫెరిష్తా రాశాడు. పెళ్లయ్యాక సాగనంపడానికి మామ చివరిదాకా రాకుండా దారిలోనే వెనక్కి తిరిగాడని అల్లుడికి కోపం వచ్చిందట. మన పెళ్లిళ్లలో జరిగే అలకే. ఇదంతా నిజమో, కొలువుల్లో చెప్పుకున్న కథో తేల్చలేమని ఆ లెక్చరర్ కూడా అన్నాడు. నా సలహా: పెళ్లి సంగతి ఎత్తనే వద్దు. మామా అల్లుళ్ల తగువని తెలిస్తే జనం జెండాలు దించేస్తారు. అలాగే ఫిరోజ్ షాకు చాలా భాషలు వచ్చనీ, దౌలతాబాద్ దగ్గర నక్షత్రశాల కట్టించడం మొదలుపెట్టాడనీ ఆయన చెప్పబోతే చెవులు మూసుకోండి. ఆకాశం చూసేవాడిని పట్టుకుని విలన్ చేయడం కష్టం. పాన్‌గల్ దెబ్బ తర్వాత ఆయన కోలుకోలేదు. 1422లో గద్దె తమ్ముడు అహ్మద్ షా చేతికి పోయింది, ప్రాణమూ ఆ ఏడే పోయింది. ఇది కూడా వద్దు. జాలి పుట్టించే వివరాలు యుద్ధానికి పడవు.

ఊరి విషయంలోనూ పట్టింపులు అక్కర్లేదు. నల్గొండ పక్కన పానగల్లు ఉంది, ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊరు. కొన్ని పుస్తకాల్లో యుద్ధం ఏకంగా అక్కడికి నడిచిపోయింది. మీరు ఏ పానగల్‌కు టికెట్ దొరికితే ఆ పానగల్‌కు వెళ్లండి. పాత పుస్తకాల్లో మన పాన్‌గల్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంటుంది, 2016 నుంచి వనపర్తి జిల్లాలో ఉంటోంది. కొండ మాత్రం జరగలేదు. ఈ ఒక్క సంగతి కనిపెట్టి సార్ తప్పు పట్టుకున్నట్టు ఫేస్‌బుక్కులో పెట్టవచ్చు.

కొండెక్కితే ముండ్లగవిని అనే ద్వారం దగ్గర ఆగాల్సి వస్తుంది. అక్కడ 1604 నాటి ఖైరత్ ఖాన్ శాసనం ఉంది. తెలుగు, పారశీకం, అరబ్బీ. మూడు భాషలు ఒక్క రాతి మీద. యుద్ధానికి దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాతి మాట అది, కోట గోల్కొండ వాళ్ల ఏలుబడిలో ఉన్న కాలం. ‘వాళ్లు’, ‘మనం’ అని ఇంటి దగ్గర గీసుకొచ్చిన గీత ఈ రాయి దగ్గర చెరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దానికి వీపు ఆనించి నిలబడి సెల్ఫీ దిగండి. భుజాలు కాస్త వెడల్పుగా ఉంటే తెలుగు అక్షరాలు కూడా కనబడవు. వెంట సార్ ఉంటే జేబులోంచి చిన్న బ్రష్షు తీసి దుమ్ము దులపడం మొదలెడతాడు. ఎండ సాకు చెప్పి కిందికి లాక్కురండి.

ఇన్ని చేసినా ఒకరి నుంచి తప్పించుకోవడం కష్టం, ఆయన పోయి డెబ్భై ఏళ్లు దాటినా. సురవరం ప్రతాపరెడ్డి. ఈ మట్టి మనిషే. సొంతూరు గద్వాల వైపు ఇటికాలపాడు, పుట్టింది 1896లో. 1926 నుంచి గోలకొండ పత్రిక నడిపాడు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు కూడా వెళ్లాడు. చరిత్ర రాసినవాడికి ఓటేసిన నియోజకవర్గం అని వనపర్తి వాళ్లు బోర్డు పెట్టుకోవచ్చు, ఎందుకు పెట్టుకోలేదో తెలీదు. ఆయన 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అచ్చువేశాడు. తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది, ఆయన పోయాక, 1955లో. ఆ పుస్తకం ఏమీ నేర్చుకోకూడదన్న మన ఉద్యమానికి గొడ్డలిపెట్టు. రాజుల్ని పక్కకు నెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పండక్కి ఏం చేశారు అని వెతుకుతాడు. అది చదివిన చరిత్రకారుడి దగ్గరికి వెళ్లారనుకోండి, పాన్‌గల్ ముట్టడి అనగానే ఆయన కత్తుల జోలికే పోడు. రెండేళ్లు అంతమందికి జొన్నలు ఎవరు పండించారు? గుర్రాలకు గడ్డి ఏ ఊళ్ల నుంచి పోయింది? ఆ ఏడాది పాన్‌గల్ చుట్టూ చేలు విత్తారా లేదా? రోగం దండుతో ఆగిందా, ఊళ్లలోకి పాకిందా? అని మిమ్మల్నే అడుగుతాడు. ఫెరిష్తా ఈ లెక్క రాయలేదు. సుల్తాను గుర్రాలు చచ్చాయని రాశాడు, గడ్డి మోసినవాళ్ల గురించి ఒక్క అక్షరం లేదు. నాకైతే అప్పుడప్పుడు ఈ ప్రశ్నలు నిద్ర చెడగొడతాయి. మీకు ఆ గతి పట్టకూడదు. ఆ పుస్తకం అలమారలో ఉన్న ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకండి.

ఆఖరి జాగ్రత్త ఒకటుంది. మాటలన్నీ అయ్యి మీరు చెప్పుల్లో కాళ్లు పెట్టేటప్పుడు ఆయన చాలా మామూలుగా అడుగుతాడు: “అవును బాబూ, మీదీ కొండ కింది ఊరేనన్నావు గదా. ఎండాకాలం కూడా ఎండని బావులు ఎక్కడున్నయి అక్కడ? మీ అవ్వ ఆ చేన్లను ఏ పేర్లతో పిలిచేది?” దండు దిగాలంటే నీళ్లుండాలి, నీళ్లు చెడితే రోగం పుట్టాలి, ఆ నీళ్ల జాడ పుస్తకాల్లో లేదు, మీ ఇంట్లో ఉండవచ్చు, ఇదీ ఆయన ఎత్తు. నోరు జారి ఒక్క బావి పేరు చెప్పారో, వెంటనే నోటుబుక్కు తీస్తాడు, కూర్చోమంటాడు, ఇంకో టీ పెట్టమని లోపలికి కేకేస్తాడు. “అవ్వను అడిగి చెప్త సార్” అనైనా అనకండి, వచ్చే ఆదివారమే మీ ఇంటికి వచ్చేస్తాడు. కత్తి బరువు ఇంకా చెప్పలేదని గుర్తుచేసి, గేటు దాకా వెనక్కి తిరక్కుండా నడవండి.