కమండలం చాలని చేప

ఆదివారం పొద్దున్నే ఆయన తనంతట తానే లేచాడు. పాలు కాచాడు, డికాక్షన్ తీశాడు, గ్లాసు అంచున నురగ నిలిచేలా కాఫీ కలిపి తీసుకెళ్లి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, "ఎన్నడుగులు?" అని అడిగింది.

"నాలుగే," అన్నాడు.

అక్వేరియం పెంచే మొగుళ్ల ఇళ్లలో పెద్ద చర్చలన్నీ ఇలా కాఫీతోనే మొదలవుతాయి. ఈ జాతి మనుషులు కూకట్‌పల్లిలో ఉన్నారు, విజయవాడలో ఉన్నారు, బెంగళూరులోనూ డల్లాస్‌లోనూ ఉన్నారు. పోల్చుకోవడం కష్టమేమీ కాదు. కుడిచేతి చొక్కా మోచేతి దాకా తడిసి ఉంటుంది. జేబులో చిన్న టార్చి ఉంటుంది. పెళ్లికెళితే పెళ్లికూతుర్ని చూడకముందే హోటల్ లాబీలో గాజుపెట్టె ముందు నడుం వంచి నిలబడి, "యాంజెల్ ఫిష్‌కి రెక్కలు చిరిగాయి, ఎవరూ చూసుకోవడం లేదు," అని పెళ్లివారి మీద కోప్పడతాడు. ఇంట్లో బాత్‌రూంలో ఒక మగ్గు విడిగా ఉంటుంది. దాని మీద మార్కర్‌తో 'చేపలది' అని రాసి ఉంటుంది. దాంతో పొరపాటున ఎవరైనా తలంటుకుంటే, షాంపూ నురగ అంటిందని ఆ మగ్గుకి మూడుసార్లు స్నానం చేయిస్తాడు.

మిగతా విషయాల్లో బుద్ధిమంతుడే. ఆయన తల్లికి కొడుకు తరఫున ఉన్న ఒకే ఒక్క వాదన అది. "తాగుడా అమ్మా, పేకాటా? చేపలేగా?" అంటుంది కోడలితో. కోడలు మాత్రం పేకాటలో ఓడినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఇంటికొస్తాడనీ, ఈయన ఇంట్లోనే ఉండి దొరకడం లేదనీ అంటుంది.

మొదలైంది చిన్నగానే. కూతురి అయిదో పుట్టినరోజుకి గుండ్రటి గాజుగిన్నె, రెండు గోల్డ్ ఫిష్‌లు. షాపువాడు "గిన్నె సైజుని బట్టే పెరుగుతాయి సార్, ఏం ఫర్వాలేదు," అన్నాడు. తొమ్మిదో రోజున రెండూ వెల్లకిలా తేలాయి. పాప ఏడ్చి, ఐస్‌క్రీం తిని, మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు. రాత్రి పదకొండింటికి కారణం వెతకడానికి కూర్చున్నాడు. గోల్డ్ ఫిష్ మన బొచ్చె, శీలావతుల కుటుంబంలోదేననీ, సరిగ్గా పెంచితే జానెడు దాటుతుందనీ, పదీ ఇరవై ఏళ్లు బతుకుతుందనీ తెలిసింది. ఇంగ్లండులో 1956లో ఒక తిరునాళ్లలో బహుమతిగా గెలిచిన టిష్ అనే గోల్డ్ ఫిష్ 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికిందట. తన ఇంట్లో చేప బతికింది తొమ్మిది రోజులు. ఆ తేడా ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

అలా అమ్మోనియా గురించి తెలుసుకున్నాడు. చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. కుళ్లిన మేత నుంచీ వస్తుంది. అది విషం. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరోరకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, దాన్ని చేపలు చాలావరకు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకని రెండడుగుల ట్యాంకు కొని, ఒక్క చేప కూడా వేయకుండా, ఆరు వారాలు లైటు వేసి, ఫిల్టర్ తిప్పి, రోజూ చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చినవాళ్లు ఇందులో ఏముందని అడిగితే ఆవిడ "మేం నీళ్లు పెంచుతున్నామండీ," అని చెప్పేది.

ఆ తర్వాత చేపలొచ్చాయి. పన్నెండు నియాన్ టెట్రాలు, అద్దానికి అంటుకుని పాచి తినే ఒక సక్కర్ ఫిష్, ఆ పైన ఒక బలహీన క్షణంలో ఒక ఆస్కార్. తెలుగు సినిమా పాటకి ఆస్కార్ వచ్చింది 2023లో. ఈయనింటికి అంతకంటే ముందే వచ్చింది, వేడుక చేసినవాడు మాత్రం ఆయనొక్కడే. తెచ్చినప్పుడది రెండంగుళాలు. అమెజాన్ నదీ ప్రాంతపు చేప, ఏడాది తిరిగేసరికి అడుగు దాకా పెరగగలదు. మనిషిని గుర్తుపడుతుంది, ఆకలేస్తే అద్దం దగ్గరికొచ్చి కళ్లల్లోకి చూస్తుంది. నోట్లో పట్టిన ప్రతిదాన్నీ మింగుతుంది కూడా. టెట్రాలు రోజుకొకటి చొప్పున తగ్గుతుంటే, "రాళ్లచాటున దాక్కున్నాయమ్మా," అని ఆయన కూతురికి చెప్పాడు. ఈ మొత్తం కథలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే.

అసలు ఆయనతో వచ్చిన చిక్కే అది. నాలుగడుగుల ట్యాంకు కోసం ఆయన చెప్పేవన్నీ నిజాలు.

"చూడు," అన్నాడు కాఫీ గ్లాసు పక్కకి జరుపుతూ. "గిన్నెడు చారులో చెంచా ఉప్పు ఎక్కువైతే నోట పెట్టలేం. అదే చెంచా గంగాళంలో పడితే తెలియను కూడా తెలియదు. చేపలకీ అంతే. నీళ్లు తక్కువుంటే విషం త్వరగా ముదురుతుంది, ఎండకి త్వరగా వేడెక్కుతుంది. పెద్ద ట్యాంకే తేలిక."

వంటింటి లెక్క చెబితే ఒప్పుకుంటుందని ఆయన ఆశ. కానీ ఆ లెక్క ఆవిడకి ఆయనకంటే బాగా వచ్చు. "గంగాళం ఎవరు తోముతారు?" అంది.

అక్కడినుంచి అంకెలు మొదలయ్యాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న పాతదానిలో 56 లీటర్లు పడతాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నదాంట్లో అంచుదాకా పోస్తే 255 లీటర్లు. పొడవు రెట్టింపేగా అంటాడు గానీ నీళ్లు నాలుగున్నర రెట్లన్న సంగతి ఆయన నోటితో చెప్పడు. వారానికి పావువంతు నీళ్లు మార్చాలి, అంటే 60 లీటర్ల పైమాటే. ఏప్రిల్ వస్తే అపార్ట్‌మెంట్‌కి ట్యాంకరే గతి. "ఆ నీళ్లు వృథా కావు, నైట్రేట్ మొక్కలకి ఎరువు," అన్నాడు. బాల్కనీలో ఉన్నవి ఒక తులసి, ఒక కరివేపాకు, ఒక మనీప్లాంటు. ఆదివారం ఆదివారం 60 లీటర్ల ఎరువు తాగి బతికే కరివేపాకుని ఆవిడ ఊహించుకుని చూసింది.

తర్వాత కరెంటు. కొత్త ఫిల్టర్, కొత్త లైటు కలిపి నెలకి 25 యూనిట్లు అదనం. మామూలుగా వాళ్ల బిల్లు 180, 185 దగ్గర ఆగుతుంది. తెలంగాణలో 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. దీనికీ ఆయన దగ్గర జవాబుంది. "గీజర్ పావుగంట మానేస్తే నెలకి 15 యూనిట్లు మిగులుతాయి. నేను చన్నీళ్లు పోసుకుంటా." డిసెంబరులో కూడానా అని ఆవిడ అడగలేదు. ఆయన చేసినా చేస్తాడు.

బరువు దగ్గర అసలు గొడవొచ్చింది. లీటరు నీళ్లు కిలో. 255 కిలోల నీళ్లు, 50 కిలోల గాజు, పైన రాళ్లు, ఇసుక, కింద ఇనప స్టాండు కలిపితే 400 కిలోలకి తక్కువుండదు. నివాస గదులకి చదరపు మీటరుకి 200 కిలోల భారం చొప్పున నేలను డిజైన్ చేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. ట్యాంకు కూర్చునేది అర చదరపు మీటరు చిల్లర జాగాలో. బీమ్ పక్కన, గోడకి ఆనించి పెడితే భారం సర్దుకుంటుందనీ, అయినా ఇంజనీరుని అడగడం మంచిదనీ తెలిసినవాళ్లు అంటారు. ఈయన ఇంజనీరుని అడిగాడు కూడా. కానీ భార్యకి చెప్పాల్సి వచ్చేసరికి తొందరపడ్డాడు. "400 కిలోలంటే ఆరుగురు మనుషులే. సంక్రాంతికి మీవాళ్లు ఆరుగురు ఇదే సోఫాలో కూర్చోలేదా?"

"మావాళ్లు భోజనాలకి లేచారు," అంది ఆవిడ. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఇంట్లో మాటల్లేవు.

మాటల్లేని సమయంలో ఆయన తల్లిని పట్టుకున్నాడు. భాగవతంలో సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన చిన్న చేప కథ ఆవిడే ఆయనకి చిన్నప్పుడు చెప్పింది. రాజు దాన్ని కమండలంలో వేశాడు, రాత్రికి రాత్రే చాలలేదు. గాబులో వేశాడు, చాలలేదు. చెరువులో వేశాడు, అదీ చాలలేదు. చివరికి సముద్రానికి మోసుకెళ్లాడు. "చూశావా అమ్మా, ఎక్కడైనా రాజు ఇక చాలు అన్నాడా? పాత్ర మార్చినవాడికి విష్ణుమూర్తి దర్శనమిచ్చాడు." తల్లి కళ్లజోడు తుడుచుకుని ఆస్కార్ వంక కొత్తగా చూసింది. వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది. "ఆ చేపే కదండీ అత్తయ్యా, ఏడు రోజుల్లో ప్రళయం వస్తుంది, లోకమంతా మునుగుతుందని చెప్పింది?"

పోనీ ఆస్కార్‌నీ, సక్కర్‌నీ పుణ్యానికి చెరువులో వదిలేయరా అంది తల్లి. ఆ ఒక్క మాటకి ఆయనకి నిజంగా కోపం వచ్చింది. అది న్యాయమైన కోపమని ఒప్పుకోవాలి. ఇలా ఎవరో ఒకరు వదిలిన సక్కర్ ఫిష్‌లే మన చెరువుల్లో, కాలవల్లో పెరిగి 'దెయ్యం చేప' అని పేరు తెచ్చుకున్నాయి. ఒళ్లంతా గట్టి కవచం, ముళ్లు. వలలో పడితే వల చిరగాల్సిందే, అమ్ముదామంటే కొనేవాడుండడు. "పుణ్యం కాదమ్మా, జాలర్ల ఉసురు తగులుతుంది," అన్నాడు. ఆయన అంత పెద్ద గొంతుతో మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కోడలు వంటింటి గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లింది.

డబ్బు సంగతి వేగంగా దాటేద్దాం, ఎందుకంటే ఆయనా అలాగే దాటేస్తాడు. పార్సెళ్లు ఆఫీసుకి వస్తాయి. ధర అడిగితే చేప ధర చెబుతాడు, చేప కింద ఉన్న ఎండుకొమ్మ ధర చెప్పడు. వాస్తు కూడా ప్రయోగించాడు. ఉత్తరాన నీళ్లుంటే మంచిదని ఎవరో అన్నారట. ఉత్తరం గోడకి ఆవిడ కుట్టుమిషన్ ఉంది. వాస్తు అక్కడితో ఆగింది.

దసరాకి మామగారు వచ్చారు. కైకలూరు దగ్గర ఆయనకి చేపల చెరువులు. ఐసు పెట్టి లారీకెత్తిన సరుకు బెంగాల్‌కీ అస్సాంకీ పోతుంది. తవుడు బస్తాలకి చిల్లులు పెట్టి, వెదురు గెడలకి కట్టి, జీవితమంతా చేపలకి మేత పెట్టిన మనిషి. తెల్లవారుజామున భుజాన తువ్వాలుతో ట్యాంకు ముందు నిలబడి, "మేతేం వేస్తున్నారు అల్లుడుగారూ?" అని అడిగారు.

"పెల్లెట్లండీ మామయ్యగారూ."

ధర చెప్పాడు, వంద గ్రాములకి. మామగారు దాన్ని మనసులో బస్తాకి లెక్క కట్టుకుని కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంకా వంగి చూశారు. ఆస్కార్ పైకొచ్చి నోరు తెరుస్తూ, మూస్తూ ఉంది. అల్లుడు ఇన్ని నెలలుగా దాన్ని ప్రేమ అనుకుంటున్నాడు.

"అమ్మాయ్," అని పిలిచారు. ఆవిడ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. "ఇది చూడు, తేలుతోంది. గాలి చాలడం లేదు దీనికి. సెంటు గుంటలో ఎకరం సరుకు వేస్తే ఏమవుద్ది?"

ఆవిడకి ఎవరూ వివరించనక్కర్లేదు. మబ్బు పట్టిన రాత్రుల్లో ఎవడో గేటు కొట్టి "చేప తేలిందండీ" అని అరవడం, నాన్న చొక్కా కూడా వేసుకోకుండా బండి మీద గట్టుకి పరిగెత్తడం, తెల్లారేదాకా ఇంజన్ల చప్పుడు వింటూ అమ్మ గుమ్మంలో కూర్చోవడం ఆవిడ చూసిందే. ఆవిడ కాలేజీ ఫీజులు, పెళ్లి ఖర్చులు ఆ గట్ల మీదనుంచే వచ్చాయి. అమ్మోనియా గురించి మొగుడు పన్నెండు వారాలు చెప్పిన పాఠం ఒంటబట్టలేదు గానీ, 'తేలింది' అన్న మాట తగిలింది.

"కుట్టుమిషన్ బెడ్‌రూంలో పడుతుందేమో చూడండి," అంది మొగుడితో.

షరతులు రాయించింది. సోఫా మీద తడిచేతులు పెట్టకూడదు. ఇంకో చేప అన్న మాట ఏడాది దాకా ఎత్తకూడదు. పాత ట్యాంకు ఇంట్లో కనిపించకూడదు. అన్నిటికీ తలూపాడు. ట్యాంకు నలుగురు మోసుకొచ్చారు. కింద థర్మాకోల్ షీటు పరిచారు, తల్లి స్టాండుకి బొట్టు పెట్టింది. నీళ్లు పోసి ఒక రాత్రంతా కారుతుందేమో చూడాలి కాబట్టి ఆయన చాప తెచ్చుకుని పక్కనే పడుకున్నాడు. రాత్రి రెండింటికి ఆవిడ లేచొచ్చి, ఆయన నిద్రపోతుంటే, చేత్తో అంచులు తడిమి చూసి వెళ్లింది.

ఆస్కార్‌ని దాంట్లోకి మార్చిన రోజు మామగారికి ఫోన్ చేశారు.

"ఎన్ని నీళ్లు పట్టాయి?" అని అడిగారాయన.

"255 లీటర్లు మామయ్యగారూ!"

"ఓహో. మా మోటారు స్విచ్చి వేసి ఆపేలోపు పోస్తుంది," అని నవ్వారు. "పాతది పారేయలేదుగా అల్లుడుగారూ? మొన్న బాల్కనీలో వాషింగ్ మిషన్ వెనకాల గోనెపట్టా కప్పి ఉంచానన్నారు. ఉంచండి, పిల్ల చేపలకి నర్సరీగా పనికొస్తుంది."

ఫోన్ స్పీకర్‌లో ఉందన్న సంగతి అల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది.