పద్నాలుగు కాగితాల్లో ఒక్క మాట లేదు

మొన్న ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని, ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఫైల్లో పద్నాలుగు కాగితాలున్నాయి. స్కానింగు ఉంది, రక్తపరీక్షలున్నాయి, జబ్బు పేరు దగ్గర స్కిజోఫ్రీనియా అని అచ్చయి ఉంది. కింద గళ్లలో టిక్కులు. ఆ పిల్లాడు నోరు విప్పి అన్న మాట ఒక్కటంటే ఒక్కటి ఆ కాగితాల్లో లేదు. నాకు కోపం ఆగలేదు.

మా రోజుల్లో కేస్ షీట్ అలా రాస్తే రౌండ్స్‌లో చీఫ్ తిరిగి మా చేతిలోనే పెట్టేవారు. 1976లో నేను మానసిక వైద్యంలో డిప్లొమా, అంటే డీపీఎంలో చేరాను. 'రోగికి అనుమానాలున్నాయి' అని రాస్తే సరిపోయేది కాదు. ఎవరి మీద, ఏమని, ఎప్పటి నుంచి? "మా బావ బావిలో మందు కలిపాడు" అన్నాడా, అదే మాట రాయాలి. ఆ బావతో నిజంగానే పొలం తగాదా ఉందేమో ఊరివాళ్లను అడగాలి. తల్లిని విడిగా, భార్యను విడిగా కూర్చోబెట్టి వినాలి. ఒక్క కేసుకు రెండు పూటలు పట్టేది. ఓపీలో జనం ఎక్కువంటారు ఇప్పటి పిల్లలు. మాకు మాత్రం తక్కువా? వరండా నిండా పడుకుని ఉండేవాళ్లు.

అలాగని మా కాలంలో అంతా సవ్యంగా ఉందని చెప్పను. శనివారం కేస్ కాన్ఫరెన్సులో ఒకే మనిషిని ముగ్గురు పెద్దలు చూసి మూడు పేర్లు పెట్టేవారు. మా దగ్గరే కాదు, అన్నిచోట్లా అంతే. 1971లో వచ్చిన ఒక అధ్యయనం కోసం బ్రిటన్, అమెరికా సైకియాట్రిస్టులకు ఒకే రోగి ఇంటర్వ్యూ వీడియో చూపించారు. అమెరికా వాళ్లలో 69 శాతం మంది స్కిజోఫ్రీనియా అన్నారు, బ్రిటన్ వాళ్లలో 2 శాతం మంది. మనిషి ఒక్కడే, సముద్రానికి అటు ఒక జబ్బు, ఇటు ఒక జబ్బు. అందుకే 1980లో అమెరికా సైకియాట్రీ సంఘం డీఎస్ఎం-3 అనే జబ్బుల పుస్తకం తెచ్చి, ఫలానా లక్షణాలు ఇన్ని ఉండాలి, ఇన్నాళ్లు ఉండాలి అని కొలత పెట్టినప్పుడు నేనూ సంతోషించాను.

కానీ దానికి ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పని చేసి చూపించింది. 1960ల చివర్లో తొమ్మిది దేశాల్లో, మన ఆగ్రాతో సహా, ఒకే ప్రశ్నల పట్టీతో రోగులను పరీక్షించారు. ఆ పట్టీని ఆయా భాషల్లోకి మార్చారు. అడిగే డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. ఒక్కో రోగి దగ్గర తీరిగ్గా కూర్చున్నారు. డాక్టర్ల మాట కలిసిందంటే అందుకే కలిసింది. ఇప్పటివాళ్లు పట్టీ ఉంచుకుని కూర్చోవడం మానేశారు. 2013లో డీఎస్ఎం-5 రావడానికి ముందు ఆస్పత్రుల్లో దాన్ని పరీక్షించి చూశారు. ఇద్దరు డాక్టర్లు ఎంతవరకు ఒక్క మాట మీద ఉంటారో, యాదృచ్ఛికంగా కుదిరింది తీసేసి లెక్కగడితే స్కిజోఫ్రీనియాకు వచ్చింది 0.46. పూర్తిగా ఏకీభవిస్తే 1 రావాలి.

పోనీ, అందరూ ఒకే పేరు పెట్టారనుకుందాం. ఆ పేరు కింద ఉన్న జబ్బు ఒకటేనా? డీఎస్ఎం-5 లెక్కలో అయిదు లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి. ఒకడికి భ్రమ నమ్మకాలు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. ఇంకొకడికి చెవిలో మాటలు, తలాతోకా లేని ప్రవర్తన. ఇద్దరికీ కలిసే లక్షణం ఒక్కటీ లేదు, జబ్బు పేరు మాత్రం ఒకటే. గడువుల సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం ప్రకారం నెల చాలు, అమెరికా పుస్తకం ప్రకారం ఆరు నెలలు కావాలి. మూడో నెలలో ఉన్న పిల్లాడికి ఏ పేరు పెట్టాలన్నది మన బల్ల మీద ఏ పుస్తకం ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇది స్కిజోఫ్రీనియా అని తేల్చి చెప్పే రక్తపరీక్ష గానీ స్కాను గానీ ఈనాటికీ లేదు. స్కాను వేరే జబ్బులు లేవని చెప్పడానికి పనికొస్తుంది. మిగతాదంతా రోగి నోటి మాటే, ఇంటివాళ్లు చూసిందే.

దేవరకొండ వైపు తండా నుంచి తీసుకొచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని నేనెన్నటికీ మరిచిపోను. నేనే చూశాను. మాటకూ మాటకూ పొంతన లేదని రాశాను. రెండు రోజుల తర్వాత వార్డు ఆయమ్మ వాడి మంచం పక్కన కూర్చుని మాట్లాడుతుంటే విన్నాను. ఆమెదీ తండాయే. వాడు లంబాడీ, తెలుగు కలిపి చెబుతున్నాడు. తమ్ముడు వాగులో కొట్టుకుపోయాడట, ఇంకా నెల కాలేదట. నాకు అర్థంకాని సగాన్ని నేను వాడి జబ్బుగా రాశాను. ఆ వాక్యం కొట్టేసి, ఆయమ్మను పక్కన పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి అడిగాను. మూడు వారాలకు వాడు ఇంటికి వెళ్లాడు.

మొన్న వచ్చిన ఈ తల్లి కొడుకుని అడిగాను, ఆస్పత్రిలో నిన్నేం అడిగారు బాబూ అని. "మాటలు వినపడుతున్నాయా అన్నారండీ. వినపడుతున్నాయన్నాను." ఎవరి మాటలని అడిగారా? అడగలేదట. చెవులు పనిచేసే ఎవరైనా ఆ ప్రశ్నకు అవుననే అంటారు. ఎవరూ లేనప్పుడు వినపడ్డాయా, బయటి నుంచా, తలలోనా, నిన్ను తిడుతున్నాయా, నీ గురించి ఇద్దరు మాట్లాడుకుంటున్నారా, చనిపోయిన తాతగారు పిలిచినట్టు ఉందా, అమ్మవారు పలికిందా? వీటిలో ఒక్కో జవాబు ఒక్కో దారికి తీసుకెళ్తుంది.

రెండు గంటలు కూర్చున్నాను. జబ్బు ఉండొచ్చు, ఆ పేరే నిజం కావొచ్చు. నాకింకా తేలలేదు. తేలేదాకా మందులు ఆపొద్దమ్మా అని చెప్పాను. తేడా కనిపించిన మొదటి రోజు వాణ్ని చూసింది వాళ్ల అక్కేనట. ఆదివారం ఆమెను తీసుకురమ్మన్నాను.